ఎండకు ఎక్కే రంగు

ములుగు రోడ్డు మీద యాకూబ్ పాషా నర్సరీల
అన్నీ పచ్చగ నిలబడ్డ కాడ
ఇదొక్కటే మూలకు,
అల్లనేరేళ్లు తిన్న నాలుక రంగు ఆకులతోని.
ఏదో ఇంగ్లీషు పేరు చెప్పిండు,
ఆటో ఎక్కేసరికే మర్చిపోయిన.
ఎనభై రూపాయలు, నల్ల ప్లాస్టిక్ సంచి.

కొత్తవాడల మా ఇంటికి పెరడు లేదు.
మగ్గం అర్రకు, రంగు కాగులకు నడుమ
నాలుగు జానల మట్టి.
అండ్లనే నాటిన.

భూలక్ష్మి గోడ మీదికెళ్లి తొంగిచూసి
"ఎండిపోయిందా వదినా?" అన్నది.
"లేదు, దాని పుట్టుకే గంత."
"మరి పచ్చగ ఎప్పుడైతది?"
పురిట్ల నన్ను చూసి
మా మేనత్త గూడ ఇట్లనే అడిగిందట,
పిల్ల ఎప్పుడు తేటపడుతదని.

మా ఆయన సదానందం
ముప్పై ఏండ్ల సంది జంపఖానాల నూలు అద్దుతడు.
మోచేతులు చూసి
ఏ వారం ఏ ఆర్డరో చెప్పొచ్చు.
చెట్టును చూసి ఏమనలే.
ఒక ఆకు తుంచిండు,
తెల్ల నూలు మీద రుద్దిండు,
సబ్బునీళ్లల్ల జాడిచ్చి
"కచ్చా రంగు" అన్నడు.
ఇగ తీర్పు అయిపోయింది.

ఆయన మాటే నిజమైంది.
రెండు నెలలకు కింది ఆకుల్ల
ఈనెల నడుమ పచ్చదనం లేసింది,
తర్వాత పై ఆకుల్ల.
"కోలుకుంటున్నది" అని భూలక్ష్మికి సంబురం.
నాకు నిద్ర పట్టలే.
యాకూబుకు ఫోన్ చేసిన.
"నీడల పెట్టినవా అక్కా?
ఎండ తగిల్తెనే దానికి రంగు."

ఫోన్ పట్టుకొని శానాసేపు కూసున్న.
రంగున్న దేన్నైనా నీడకే ఆరేసే ఇల్లు మాది.
ఎండ తగిలితే ఎరుపు వెలిసిపోతది,
నీలం బూడిదైతది,
ఒక్క పొద్దు ఏమరుపాటు చాలు
పది చిలపలు పాడు.
ఆ భయంతోనే దీన్ని గూడ
గోడ చాటుకు దాచిన.

మిరుగు చినుకులు పడ్డంక
వేర్ల మట్టిముద్ద ఇరగకుండ తవ్వి
వాకిట్లకు తెచ్చిన.
పొద్దు పొడిచిన కాడికెళ్లి రెండింటి దాక
అక్కడ కప్పు లేని ఎండ.
వారం రోజులు తల ఏలేసింది.
పచ్చబడ్డ ఆకులన్నీ రాలినయి.
పదమూడో నాడు
కాగుల ముంచి తీసిన పోగు లెక్క
చిటికెన గోరంత ఆకు, తడి తడిగ, ఊదాగ.

దసరా దాటినంక పూసింది.
తెల్లటి పువ్వులు, గొంతుల్ల గులాబీ చుక్కలు.
"ఎవరు చిలికిండ్రే ఇండ్ల?" అన్నడు సదానందం,
తన చేతులు తాను చూసుకుంట.

పూత అయిపోయినంక కొసలు తుంచిన,
గుబురుగ రావాలెనని.
తుంచిన కొమ్మలు రెండు భూలక్ష్మికిచ్చిన.
ఆమె వంటింటి కిటికీల, సీసాల పెట్టుకున్నది.
అవి పచ్చగనే ఉన్నయి, ఆమె సంతోషం ఆమెది.
రోహిణి కార్తెల మాత్రం
మధ్యాహ్నం గోనెపట్ట కప్పక తప్పలే.
అయినా అంచులు కాలినయి.
అంత ఎండ గూడ ఓర్వదని
యాకూబు చెప్పలే, నేను అడగలే.

అప్పటి సంది ఒక ముచ్చట.
రాత్రి కాగు కాడ ఎరుపు మూడు పాళ్లు,
నీలం ఒక పాలు, పిడికెడు ఉప్పు,
తెల్లారి ఒక చిలప పట్టుకొని
వాకిట్ల చెట్టు ముందట నిలబడుతడు.
"ఇంకింత నలుపు" అంటడు.
తెల్లారి ఒక తీరు, మిట్టమధ్యాహ్నం
ఆకు కింద నుంచి చూస్తె నెత్తురు తీరు.
"ఏ పొద్దుటి రంగు అద్దాలె?"
నన్ను గాదు, చెట్టునే అడిగిండు.
మూడు చిలపలు తప్పినయి.

ఆయనకొక రంగుల పుస్తకం ఉన్నది,
పేజీకొక పోగు కట్టి పేరు రాస్తడు.
అండ్ల ఒక ఆకు పెట్టి
"వాకిలి" అని రాసిండు.
మొన్న తెరిస్తె
ఉడికిన చాయ్‌పత్తి లెక్క నల్లగున్నది.
"చెప్తి గదా, కచ్చా రంగని."
"పుస్తకంల గూడ నీడే గదా" అన్న.

ఏమనలే.
తడి చిలప ఒకటి చేతికి చుట్టుకొని
పోయి ఎండల నిలబడ్డడు,
చెట్టు పక్కకు.